గాజుపెట్టెలో సొట్ట బూర

మా ఊరు సాలిరాన్‌లో చూడదగ్గవి మూడే అని టూరిస్టులకిచ్చే కాగితంలో ఉంటుంది. ఎద్దుల బరి, ఊరి బయట లాబెచ్ అనే ఎద్దు సమాధి, మునిసిపాలిటీ భవనం కింది గదిలో మ్యూజియం. బస్సుల్లో దిగినవాళ్లు ఈ మూడూ గంటన్నరలో చుట్టేసి, ఎద్దుమాంసం పులుసుతో అన్నం తిని సముద్రం వైపు వెళ్లిపోతారు. మ్యూజియంలో ఒక గాజుపెట్టె ఉంది. అందులో ఒక ఇత్తడి బూర, దాని మెడ దగ్గర లోతైన సొట్ట. కింద చీటీ మీద "మహా వృషభం లాబెచ్ గౌరవార్థం మోగిన బూర" అని రాశారు. ఆ సొట్ట ఎద్దు తొక్కితే పడిందని గైడుపిల్ల చెబుతుంది.

ఎద్దు కాదు. మా నాన్న తొక్కాడు.

ఆ బూర నా భర్త ఎల్జియార్‌ది. మొన్న నవంబరులో పోయాడు. గుర్రాలకు నాడాలు కొట్టడం అతని పని. మందలు కాసేవాళ్లంతా తమ తెల్లగుర్రాలను అతని దగ్గరికే తెచ్చేవారు. గుర్రం తన్నినా తిట్టేవాడు కాదు, కొంచెం పక్కకు జరిగి మళ్లీ అదే కాలు పట్టుకునేవాడు. ఆదివారాలు మాత్రం తెల్లప్యాంటు వేసుకుని బరిలో బ్యాండు ముందు కూర్చునేవాడు.

మా ఆటలో ఎద్దును చంపరు. పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ఎద్దు పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో మనుషుల పేర్లు ఉంటాయి. తెల్లబట్టలు వేసుకున్న కుర్రాళ్లు ఎద్దుకు అడ్డంగా ఉరికి, కొమ్ముల మధ్య కట్టిన ఎర్ర రిబ్బన్ను చేతి కొక్కెంతో లాగుతారు. ఎద్దు తరుముతుంది. చెక్క కంచెకు మోకాలెత్తున ఉండే పట్టీ మీద కాలు మోపి అవతలికి దూకాలి. ఎద్దు కంచె దాకా వచ్చి కొమ్ములతో చెక్కను పొడిచిందంటే అది దాని గెలుపు. వెంటనే దాని గౌరవార్థం బ్యాండు మోగాలి. చెక్క అదురు తగ్గకముందే మొదటి స్వరం లేవాలి. ఎల్జియార్ పదకొండేళ్లలో ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. అతనికున్న గర్వం అదొక్కటే.

ఆ కంచె మా నాన్న మార్సెలాన్ చేసింది. ఆయన వడ్రంగి. ఏటా జాతరకు మూడు రోజుల ముందు దానికి ఎర్రరంగు వేసేవాడు. కంచె దూకేవాళ్లలో మా తమ్ముడు బెనెజె ఒకడు.

డెబ్బై ఒకటి ఆగస్టులో, జాతర రోజు మధ్యాహ్నం బెనెజె మా ఇంట్లోనే తిన్నాడు.

"బావా, ఇవాళ సరిగ్గా నీ కిందే దూకుతా. ఊదీ ఊదీ నీ బుగ్గలు పగలాల" అన్నాడు.

"ముందు నీ పిర్రలు కాపాడుకోరా. పోయినవారం చిరిగిన నీ ప్యాంటు మీ అక్క కుట్టలేక చచ్చింది."

"చిరిగితే చిరిగింది గానీ ఆడపిల్లలు ఎన్ని చప్పట్లు కొట్టారో చూశావా?"

"అవి ఎద్దుకి కొట్టారురా సన్నాసీ!"

వాడు ఆలివ్ గింజ తీసి బావ నెత్తిన కొట్టి పరుగెత్తాడు.

ఆ రోజు నాలుగో ఎద్దు లాబెచ్. నైరుతి గాలి పేరు దానిది. కొమ్ములు చేతులెత్తినట్టు పైకి ఉండేవి. గేటు తీయగానే పరుగెత్తలేదు. మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ చూసింది. ఎనిమిదో నిమిషంలో బెనెజె దాని ముందునుంచి ఉరికి రిబ్బను తెంపేశాడు. బ్యాండు వైపు పరుగు తీశాడు. చెప్పినట్టే సరిగ్గా బావ కిందికి. నేను ఎదురు వైపు కూర్చున్నాను. పట్టీ మీద వాడి కుడికాలు పడడం చూశాను. పడిన కాలు పక్కకు జారడమూ చూశాను.

లాబెచ్ ఆగలేదు. ఎడమకొమ్ము వాడి నడుము దగ్గర దిగి చెక్కలో గుచ్చుకుంది. బరంతా వినిపించేలా ధన్ మని మోగింది.

బ్యాండు కూర్చునే అరుగు సరిగ్గా కంచె పైన ఉంటుంది. తమ కాళ్ల కింద ఏం జరిగినా వాళ్లకు కనిపించదు. ఎల్జియార్‌కు చప్పుడు వినిపించింది. బూర లేచింది. వెనక పన్నెండుమందీ అందుకున్నారు. మేం ఇవతల అరుస్తున్నాం, చేతులు ఊపుతున్నాం. అది ఉత్సాహమనుకుని వాళ్లు ఇంకా గట్టిగా వాయించారు. లాబెచ్ తల విదిలిస్తోంది. విదిలించిన ప్రతిసారీ బెనెజె కాళ్లు నేల వదిలి లేచి మళ్లీ చెక్కకు కొట్టుకుంటున్నాయి. చెక్క మోగినప్పుడల్లా డోలు వాయించేవాడు తాళం కలిపాడు. నిమిషం పైగా సాగింది. చివరికి ఇద్దరు కుర్రాళ్లు ఎద్దు తోక పట్టి లాగితే కొమ్ము ఊడింది. వాడి కడుపులోంచి వచ్చినదంతా ఇసుకలో కలిసింది. వాడి పిడికిట్లో రిబ్బను అలాగే ఉంది.

ఎల్జియార్ అరుగు దిగి వచ్చేసరికి నాన్న కంచె లోపల ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా నెత్తురు.

"నా కొడుకు చస్తుంటే పాట వాయిస్తావురా?"

"మామా, నాకు కనపడలే..."

మాట పూర్తి కాలేదు. నాన్న అతని చేతిలోని బూర లాక్కుని మూతి మీద కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. పళ్లు రాలిన చప్పుడు నాకు వినిపించింది. పడ్డవాణ్ణి డొక్కల్లో తన్నాడు. బూర కింద పడితే బూటుకాలితో తొక్కాడు. ఎల్జియార్ నాన్నకంటే బలవంతుడు, గుర్రాన్ని ఒంటిచేత్తో ఆపేవాడు. చెయ్యెత్తలేదు. నేను అడ్డం పడితే నాకూ రెండు తగిలాయి. నలుగురు పట్టుకుంటే గానీ నాన్న ఆగలేదు.

తమ్ముడి ఒళ్లు నేనే కడిగాను. తెల్ల కాన్వాసు బూట్లు విప్పితే కుడికాలి అడుగు ఎర్రగా ఉంది. నీళ్లతో రుద్దాను. మిగతా నెత్తురంతా పోయింది, అది పోలేదు. వాసన చూస్తే టర్పెంటైను. ఆ బూట్లు పొయ్యిలో పెట్టేశాను. కొడుకు పోయినవాడికి ఆ మాట ఎలా చెప్పను? నా మొగుడికీ చెప్పలేదు. చెబితే అతని పళ్లకి, ఆ తన్నులకి అర్థమేముంటుంది?

మర్నాడు పొద్దున నాన్న తుపాకీ తీసుకుని లాబెచ్ మేసే బయలుకు పోయాడు. ఆ మంద యజమాని ఓఫాన్ గుర్రమెక్కి, చేతిలో శూలం పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"మార్సెలాన్, ఎద్దు తన పని తాను చేసింది. ఇంకో అడుగు వేశావంటే నిన్ను గుచ్చుతా, చెబుతున్నా!"

"గుచ్చు! నిన్న ఒకణ్ణి గుచ్చారుగా, ఇవాళ ఇంకొకణ్ణి గుచ్చండి!"

నాన్న తుపాకీ ఎత్తాడు. శూలం మొన నాన్న భుజంలో దిగింది. అయినా వదలకుండా గురిపెట్టాడు. మూతికి గుడ్డ కట్టుకున్న ఎల్జియార్ వెనకనుంచి వచ్చి తుపాకీ గొట్టాన్ని చేత్తో పక్కకు తోశాడు. గుళ్లు అతని ముంజేతిలోకే పోయాయి. చర్మం చీలికలైంది. ఎద్దు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది.

"తప్పు దానిది కాదు మామా" అన్నాడు. వాచిన మూతిలోంచి మాట సరిగ్గా రాలేదు.

"మరెవరిదిరా? నీదా?"

ఎల్జియార్ నాన్న ముఖంలోకి చూశాడు.

"నాదే" అన్నాడు.

నాన్న ఉమ్మేసి వెళ్లిపోయాడు.

పన్నెండేళ్లు మా గుమ్మం తొక్కలేదు. ఊళ్లో కూడా ఎల్జియార్‌ను చూస్తే కొందరు నోటి దగ్గర పిడికిలి పెట్టి బూర ఊదినట్టు చేసేవాళ్లు. ఒకసారి సారాకొట్లో ఒకడు అలా చేస్తే నేనే వాడి నెత్తిన సీసా పగలగొట్టాను. ఎల్జియార్ మళ్లీ బూర ముట్టలేదు. నాడాలు కొట్టేటప్పుడు సుత్తి తాళంలో పడితే ఆపి, తాళం తప్పించి కొట్టేవాడు. అరుగు మీద అతని చోటు ఖాళీగా ఉండేది. లాబెచ్ మాత్రం మరో నాలుగేళ్లు ఆడింది. పోస్టరు మీద దాని పేరు ఇంకా పెద్దదైంది. మనిషిని చంపిన ఎద్దును చూడడానికి బస్సులు ఎక్కువయ్యాయి.

ఎనభై మూడు వసంతంలో అది ముసలితనంతో చచ్చిపోయింది. పేరున్న ఎద్దును మావాళ్లు నిలబెట్టి పూడుస్తారు, ముఖం సముద్రం వైపు. నిలువెత్తు గొయ్యి తవ్వి, నడుముకు తోలుపట్టాలు కట్టి దింపారు. సగం దిగాక ఒక పట్టా తెగింది. ఎద్దు పక్కకు ఒరిగి కొమ్ముతో గొయ్యి గోడను చీరేసింది. చచ్చి కూడా పొడుస్తోందని ఎవరో అన్నారు.

అప్పుడు నాన్న వచ్చాడు. చంకలో గుడ్డమూట. రంగులు తుడుచుకునే గుడ్డ. అందులో బూర. ఆ రోజు ఇసుకలోంచి ఏరుకెళ్లి తన కొట్టంలో పెట్టుకున్నాడట.

"వాయించు" అన్నాడు.

"పళ్లేవి మామా? నువ్వే రాల్చావుగా" అన్నాడు ఎల్జియార్ మెల్లగా.

నాన్న గొయ్యిలోకి చూస్తూ మాట్లాడాడు.

"బ్యాండు కింద ఆ మూల పట్టీకి రంగు పెచ్చు లేచింది. ఫొటోలు తీసేవాళ్లొస్తున్నారు, బోడిగా కనబడుద్ది అని జాతర కమిటీవాళ్లు ప్రాణం తీశారు. జాతర పొద్దున ఒక పూత వేశా. ఎండకి ఆరుద్దిలే అనుకున్నా. అది నీడ మూల. ఆరలా."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"బ్యాండు కుర్చీలు ఎక్కిద్దామని పొద్దునే ఆ పట్టీ మీద కాలు పెట్టా. ప్యాంటుకి అంటుకుంది. నువ్వు కుంచెలు కడుక్కుంటున్నావు అప్పుడు."

నాన్న నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. ఒకే మంచం మీద పన్నెండేళ్లు, అతని కడుపులో ప్యాంటు సంగతి, నా కడుపులో బూట్ల సంగతి.

"మరి చెప్పలేదేంరా?" నాన్న అతని కాలరు పట్టుకున్నాడు. మళ్లీ కొడతాడనుకుని ఓఫాన్ ముందుకొచ్చాడు. "అన్ని తన్నులు తిని చెప్పలేదేంరా దొంగముండాకొడకా!"

"జాగర్త అని వాడికే చెప్పలేదు మామా. ఆలివ్ గింజ పెట్టి కొట్టి పారిపోయాడు. నవ్వుకుంటూ మర్చిపోయా."

నాన్న చెయ్యి కాలరు వదల్లేదు. దాన్నే పట్టుకుని నిలబడ్డాడు.

ఎల్జియార్ బూర ఎత్తాడు. పళ్లు లేని చోట గాలి పోయింది. రెండు స్వరాలు వచ్చి మూడోది చీలింది. పాత గాయం పగిలి పెదవినుంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. నాన్న రంగుగుడ్డతో దాన్ని తుడిచాడు.

"మళ్లీ వాయించు. ఈసారి తొందరపడకు. అంతా చూసుకుని మొదలుపెట్టు."

ఎల్జియార్ గొయ్యి అంచుకు వెళ్లి కిందికి వంగి చూశాడు. ఎద్దును చూశాడు, కూలివాళ్లు పైకొచ్చారో లేదో చూశాడు, నాన్న కాళ్లు అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో చూశాడు. నాన్నను చెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిపాడు. ఆ తర్వాతే బూర నోటికి పెట్టుకున్నాడు.