రాదారి పడవలో మాంత్రికుడు

అది ముప్పయ్యారో, ముప్పయ్యేడో సంవత్సరం. నేను కాపురానికి వచ్చిన కొత్త. ఏలూరులో మా పుట్టింట్లో నాలుగు రోజులుండి, అత్తగారితో రాదారి పడవలో పెంటపాడు తిరిగి వస్తున్నాను. కోడలు ఏడాదికోసారి పుట్టింటికి వెళ్తే చాలునని ఆవిడ పట్టుదల. ఆడపిల్లకు చదువెందుకన్నది ఇంకో పట్టుదల.

పడవలో గాజులమ్మే సాయిబు గారొకరు మాంత్రికుడి కథ పైకి చదువుతున్నారు. రాకుమారుడు గుహ ముందు నిలబడేసరికి ఆయన కళ్లజోడు జారి కాలువలో పడింది.

“చదువొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?” అన్నారాయన.

నా చెయ్యి దానంతటదే పుస్తకం మీదికి వెళ్లింది. తల వంచుకుని మొదలుపెట్టాను. కాసేపటికి నాకు తెలియకుండానే గొంతు పెరిగింది. గట్టు మీద తాడుతో పడవ లాగేవాళ్లు కూడా వింటూ ఆగిపోయారు. తాడు వదులై, పడవ వెళ్లి తుంగలో కూరుకుపోయింది. అందరూ నావైపే చూశారు. అత్తగారి మొహం చూసే ధైర్యం లేక పుస్తకం మూసేశాను.

“పడవ సంగతి వాళ్లు చూసుకుంటారు. ఆ గుహలో ఏముందో చదువు,” అన్నారావిడ.

గుహ తలుపు తెరుచుకునేచోట పుస్తకం అయిపోయింది.

“రెండో భాగం ఎక్కడ దొరుకుతుందండీ?” అని అత్తగారు సాయిబు గారిని అడిగారు.

“ఏలూరులోనేనండీ. నెలకో భాగం వస్తుంది.”

ఆవిడ నావైపు తిరిగారు. “వచ్చే నెల మీ అమ్మని ఓసారి చూసొద్దువు గానిలే.”

ఆ తర్వాత నెలనెలా పుట్టింటికి వెళ్లాను. రాకుమారుడు ఆ మాంత్రికుణ్ణి ఎక్కడ చంపేస్తాడోనని నాకున్నంత బెంగ ఇంకే పాఠకురాలికీ ఉండి ఉండదు.