ఆయన ఇవ్వని సర్టిఫికెట్

పోయిన ఆదివారం ఢిల్లీ పక్కనున్న వైశాలి నుంచి ఫోను. "అంకుల్, నాన్న పోయారు" అంది ఒక అమ్మాయి. ఏ నాన్న, మీరెవరు, ఈ నంబరు ఎవరిచ్చారు అని వరసగా అడిగాను. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

"నాన్న చెప్పారంకుల్, మీరు పహ్లే ఇదే అడుగుతారని."

మా సెక్షన్ ఆఫీసరుగారి కూతురు. ఎదుటివాళ్లెవరో తేల్చుకోనిదే మాట్లాడకూడదని నాకు నేర్పింది ఆ పోయినాయనే.

ఢిల్లీలో ఒక శిక్షణ సంస్థలో నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఆయన గెజిటెడ్ అధికారి, గుంటూరు వైపు మనిషి. బేర్ సరాయ్ గదుల్లో చదువుకునే తెలుగు పిల్లలంతా జిరాక్సులు పట్టుకుని అటెస్టేషన్‌కి ఆయన దగ్గరికే వచ్చేవారు. ఒరిజినల్ చూడనిదే ఆకుపచ్చ సిరా పెన్ను మూత తీసేవారు కాదు. నేనూ ఒకసారి క్యారెక్టర్ సర్టిఫికెట్ అడిగాను.

"ఫారంలో మూడేళ్లుగా ఎరుగుదును అని ఉంది. నువ్వు నాకు తెలిసింది ఎనిమిది నెలలేనయ్యా" అన్నారు. టీ మాత్రం ఇప్పించారు. పక్క సెక్షన్‌లో నా మొహమైనా చూడని అధికారి నిమిషంలో సంతకం పెట్టాడు. ఈయన మీద నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఏడాది దరఖాస్తులు ఇంటర్నెట్‌లో తీసుకోవాలన్నారు. సైటు అసలైనదేనని బయటి కంపెనీ ఒకటి సంతకం చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని నేను సర్వర్లో పెట్టాలి. సోమవారానికి సైటు తెరవకపోతే నా కాంట్రాక్టు అంతటితో సరి. సంతకం చేసేముందు ఆ కంపెనీవాళ్లు ఫోను చేసి, ఈ సైటు మీదేనా అని ఆయన్ని అడిగారు. మీరెవరో నాకెలా తెలుస్తుంది, లెటర్‌హెడ్ మీద రాసి పంపండి అని ఈయన పెట్టేశారు. అలా మూడుసార్లు. నేను కాళ్లావేళ్లా పడ్డాక ఫ్యాక్స్ తెప్పించుకుని, వాళ్ల నంబరు డైరెక్టరీలో వెతికించి, తానే ఫోను చేసి ఠీక్ హై అన్నారు.

శుక్రవారం సర్టిఫికెట్ మెయిల్లో వచ్చింది. సర్వర్లో పెట్టాను. బ్రౌజర్ మాత్రం ఈ సైటుని నమ్మలేనంది. నేను తల పట్టుకుంటే ఆయన ముఖం వెలిగిపోయింది, తనలాంటివాడు ఇంకొకడు దొరికినట్టు. కుర్చీ లాక్కుని కూర్చుని, సంతకం చేసిందెవరు, వాళ్ల పైన ఎవరు అని ఆరా తీశారు. పైనున్న పెద్ద సంస్థ బ్రౌజర్‌కి తెలుసు, మనకి సంతకం చేసింది దాని కింది శాఖ అన్నాను.

"మరి ఆ కిందివాణ్ణి నేనెరుగుదునని పైవాడు రాసిన కాగితం ఏదయ్యా? ఏదైనా త్రూ ప్రాపర్ ఛానల్ రావాలిగా."

మెయిల్లో రెండో అటాచ్‌మెంట్ ఉంది. అక్కర్లేదని నేను వదిలేసింది అదే. దాన్నీ పెట్టి సర్వర్ మళ్లీ నడిపితే, నమ్మినట్టు గుర్తుగా స్క్రీను అడుగున పసుపుపచ్చ తాళం బొమ్మ వచ్చింది. ఆ రోజంతా గదిలోకి వచ్చిన ప్రతివాళ్లకీ దాన్ని చూపించి బ్రౌజర్‌ని మెచ్చుకున్నారు. నన్ను మెచ్చుకున్నట్టు గుర్తు లేదు.

ఫోను వచ్చిన ఆదివారం సాయంత్రమే వైశాలి వెళ్లాను. తను పోతే ఎవరెవరికి ఫోను చేయాలో ఆయన డైరీలో ఇంగ్లీషులో రాసిపెట్టారు. నా పేరు కింద మాత్రం రెండు ముక్కలు తెలుగులో ఉన్నాయి. ఏం రాశారంకుల్, నాకు తెలుగు చదవడం రాదు అంది కూతురు. రాదని ఆయనకీ తెలుసు.

"ఇతనిని ఏడేళ్లుగా ఎరుగుదును. నడవడి మంచిది."

రిటైరయ్యాక హక్కు లేదనుకున్నారు కాబోలు, నీలం సిరాతో రాశారు. కింద తేదీ, సంతకం. పక్కన ముద్ర వేయవలసినంత చోటు ఖాళీగా వదిలారు.