బావ అరచెయ్యి

బాన్సువాడలో మా బావ ఇంట్లో ఒక చిన్న సముద్రం ఉండేది. అద్దాల తొట్టి, ఉప్పునీళ్లు, అందులో బతికున్న పగడాలు, చేపలు. తొట్టి నీళ్లు గొట్టంలోంచి కింది డబ్బాలోకి దిగితే, మోటారు మళ్లీ పైకి ఎక్కించేది. వరి పండించే మనిషి కదా, పొలంలో బోరు నీళ్లకు పెట్టినట్టే ఆ ధారకూ అరచెయ్యి అడ్డం పెట్టి జోరు చూసేవాడు.

"గీ ధార సాల్తలేదు. పెద్ద మోటరు పెడితె ఇగ ఫికరే ఉండదు," అన్నాడు నాతో ఒకరోజు.

పెట్టాడు. అది ఎక్కించినంత నీటిని దిగే గొట్టం దించలేకపోయింది. మేం అన్నాలు తింటుండగా తొట్టి పొర్లి, నీళ్లు నేల మీది కరెంటు బోర్డు దాకా పాకాయి. అక్క తుడుపుగుడ్డ పట్టుకుని చెప్పుల్లేకుండా అటు నడిచింది.

"అడుగెయ్యకు! ఆడనే ఆగు!"

బావ గొంతు అలా చీలడం నేనెప్పుడూ వినలేదు. పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

తర్వాత, గొట్టం ఎంత దించగలదో చూసుకుని చిన్న మోటారు తెచ్చాడు. పగడాలు బాగానే పెరిగాయి. కానీ ఆ అరచెయ్యి మళ్లీ ధార కిందికి పోలేదు. రోజూ పొద్దున తొట్టి ముందు తడి ఉందేమోనని నేలను తడిమేది. "ఇగ రా," అని బావ అన్నాకే అక్క మంచం దిగేది.