నీమా చెప్పిన ఏడో ఎక్కం

భట్టిప్రోలులో పుట్టి, విమానమెక్కి పరాయి దేశంలో పాఠం చెప్పిన మొదటి ఆడమనిషి స్టెల్లా టీచరు. బాపట్లలో ట్రైనింగు, రేపల్లెలో ముప్పై ఏళ్ళ ఉద్యోగం, జిల్లా ఉత్తమ ఉపాధ్యాయురాలి బిరుదు, బీరువా తలుపు మూతపడనన్ని శాలువాలు. ఆమె దగ్గర లెక్కలు నేర్చినవాళ్ళలో తహసీల్దార్లున్నారు, డాక్టర్లున్నారు, తెనాలి మార్కెట్లో కాలిక్యులేటరు ముట్టని వ్యాపారస్తులున్నారు. రిటైరై తెనాలిలో ఉంటుండగా, టాంజానియాలో ఒక అనాథాశ్రమానికి ఏడాదిపాటు జీతంలేని టీచరు కావాలని చర్చిలో చెప్పారు. అరవై దాటిన మనిషి, నేను వెళ్తానండి అని లేచి నిలబడింది.

"ఏంటి వదినా, గుంటూరు జిల్లాలో పిల్లలైపోయారా?" అని ఆడపడుచు లిడియా ఎత్తిపొడిచినా ఆగలేదు.

అక్కడి పిల్లలు మెరికలే. ఎక్కాల దగ్గరే బండి ఆగేది. స్టెల్లా మొదట ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది గానీ, ఎక్కం అలా ఆమె నోటికే తిరగలేదు. ఒకరోజు విసిగి, రేపల్లెలో చెప్పినట్టే బల్లమీద దరువేస్తూ, "ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి" అని రాగం ఎత్తుకుంది. పిల్లలు గొంతు కలిపారు. కొద్ది నెలల్లోనే ఇరవయ్యో ఎక్కం దాకా తెలుగులో గడగడా అప్పజెప్పేశారు. అందరికన్నా ముందుండేది పన్నెండేళ్ళ నీమా. పిల్లలు అలా చెబుతున్న వీడియో తీసి పంపి, తెనాలి చర్చిలో తెరమీద వేస్తే జనం చప్పట్లు ఆపలేదట.

ఆశ్రమం పెద్దావిడ గ్రేస్ మాత్రం నసిగింది. నీమాను పట్నంలో మంచి హాస్టలు బడిలో వేయాలని ఆవిడ ఆశ. సీటు ఉచితమే గానీ నోటిపరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. ఎక్కాలు కాస్త ఇంగ్లీషులో కూడా చెప్పించమని అడిగింది. స్టెల్లా కొట్టిపారేసింది. లెక్క లెక్కే, దానికి భాషేంటి, ముప్పై ఏళ్ళు చెప్పినదాన్ని నాకు తెలియదా అంది.

పరీక్షనాడు ఆమే వెంట వెళ్ళి గదిలో వెనక బెంచీమీద కూర్చుంది. ఏడు ఎనిమిదులు ఎంతని పరీక్ష పెట్టే ఆయన ఇంగ్లీషులో అడిగాడు. నీమా కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి, వేళ్ళు గౌనుమీద దరువేశాయి.

"యాభై ఆరు" అంది.

ఆయన మళ్ళీ అడిగాడు. పిల్ల బెదిరిపోయి ఇంకా గట్టిగా అదే చెప్పింది. ఆ జవాబు సరైనదని తెలిసిన మనిషి ఆ గదిలో స్టెల్లా ఒక్కతే. లేచి వెళ్ళి, తప్పు చెప్పలేదు సార్, మా భాషలో చెప్పింది అని బతిమాలింది. ఆయన మర్యాదగానే విన్నాడు.

"కావచ్చండి. కానీ మా బళ్ళో ఆ భాష ఎవరికి తెలుసు?"

సీటు వేరే పిల్లకు పోయింది. వచ్చే ఏడాదికి నీమాకు వయసు దాటిపోతుంది. అయినా మిగిలిన వారాలు స్టెల్లా పొద్దున్నే లేపి ఇంగ్లీషులో ఎక్కాలు చెప్పింది. నీమా కాదనకుండా నేర్చుకుంది. ఇప్పుడెందుకని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

బయల్దేరే రోజు నీమా వంటింటి గుమ్మంలో అరటికాయల చెక్కు తీస్తూ, తలెత్తకుండా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, మీ ఊళ్ళో అయితే నేను పాసయ్యేదాన్నా?"

"ఫస్టు వచ్చేదానివి తల్లీ."

పిల్ల ముఖం విప్పారింది. లోపలున్న గ్రేస్‌ను కేకేసి, ఆ మాట తన భాషలో సంబరంగా చెప్పుకుంది. గ్రేస్ తలూపింది గానీ, స్టెల్లా వైపు చూడలేదు.