తిరిగొచ్చే దావ

ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పే నేను, మిగతా రోజుల్లో కంప్యూటర్లు చూసుకునే బళ్ళారి చిన్నాసుపత్రిలో ఈ రోజు నెట్‌వర్క్ మొరాయించింది. కింద ల్యాబులో కొత్త లినక్స్, పైన డాక్టరు గదిలో పాత విండోస్, రెండూ వేరే వేరే సబ్‌నెట్లు, అంటే రౌటర్ దారి చూపితే తప్ప కలవని రెండు వీధుల్లాంటివి. రక్తపరీక్ష రిపోర్టులు పైకి చేరడంలేదు. ల్యాబు కమలక్క మోకాళ్ళ నొప్పితోనే పొద్దున్నుంచి కాగితాలు మోస్తూ మెట్లెక్కుతోంది.

నేను విండోస్‌ను తిట్టాను, కేబులును తిట్టాను, సాతానును గద్దించాను. ఫలితం లేదు.

సాయంత్రానికి కమలక్క మెట్ల మీదే కూలబడింది. "ఏంది బ్రదరప్పా, యాడ తప్పుండాది?"

"ఈడ నుంచి పిలుపు పైకి పోతాండాదక్కా. పైనుంచి జవాబే రాదు, అది రాకుంటే రిపోర్టు పోదు."

"పోయేకి దావ పెట్టినావు సరే, తిరిగొచ్చేకి పెట్టినావా?"

పై రౌటర్ సెట్టింగులు తెరిచి చూశాను. కింది సబ్‌నెట్‌కు దారే రాయలేదు. రాయాల్సింది నేనే. ఒక్క వరస రాయగానే రిపోర్టు పైకి చేరింది.

"మొన్న ఆదివారం బైబిల్లో తప్పిపోయిన కొడుకు గురించి గంటసేపు అరిచినావు కదప్పా, తిరిగొచ్చే దావ మూయొద్దని!" అంటూ ఆమె మోకాలు రుద్దుకుంది.

ఆ ప్రసంగం ఆమె విన్నది. చెప్పిన నేనే వినలేదు. మీ సంఘాల్లో బోధకులకు బోధించే కమలక్కలు ఎవరైనా ఉన్నారా?