సుభాని గారి నాలుక

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా మేనత్త ఒకావిడ ఉండేది. కరెంటు పోతే చాలు, చచ్చిపోయినవాళ్ళందరినీ వరసపెట్టి పిలిచేది. ఆవిడ ముందు నోరు తెరుచుకుని కూర్చునే పెద్దవాళ్ళని చూస్తే నాకు పదేళ్ళ వయసులోనే అసహ్యం వేసేది. ఇప్పటికీ అంతే. తెల్లచీర, గజ్జెల చప్పుడు, ఎవరో పిలిచినట్టు వినబడడం... ఏడ్చినట్టుంటాయి. నేను చెప్పబోయేదాంట్లో అవేవీ లేవు. జరిగిందంతా పట్టపగలే జరిగింది. అందులో సగం అన్నం ముందు కూర్చుని ఉండగా జరిగింది.

నా పని ఇళ్ళకి తోటలు డిజైన్ చేయడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఏలూరులో ఒక గది అద్దెకి తీసుకుని ‘ల్యాండ్‌స్కేప్ డిజైనర్’ అని బోర్డు పెట్టాను. మొదటి ఆర్నెల్లూ వచ్చినవాళ్ళంతా నేను స్థలాలు అమ్మిపెడతాననుకుని వచ్చినవాళ్ళే.

తర్వాత నిజంగా తోట కావాల్సినవాళ్ళు వచ్చారు. వీళ్ళకంటే స్థలాలవాళ్ళే నయం. ఏలూరు అనకండి, తాడేపల్లిగూడెం అనకండి, అందరికీ కావాల్సింది ఒకటే తోట. గేటు నుంచి మెట్ల దాకా రెండు వరసల రాయల్ పామ్ చెట్లు, మధ్యలో లాను, లానులో సిమెంటు కొంగ. కొల్లేరు పక్కన ఇల్లండీ! మేడెక్కి చూస్తే నిజం కొంగలు వందల్లో కనబడతాయి. అయినా సరే, సిమెంటు కొంగ ఉండి తీరాలి.

నేను మాత్రం పొద్దున్నే స్కూటరేసుకుని కొల్లేరు గట్టు మీదికి పోయి బొమ్మలు గీసుకునేవాణ్ణి. తుంగ గుబుర్లు, తామరాకులు, నీళ్ళు తగ్గినప్పుడు ఒడ్డు మీద మిగిలే వంపు గీతలు. తోట అంటే అలా ఉండాలని నా పిచ్చి. ఒక పుస్తకం నిండిపోయింది. ఒక్క బొమ్మా ఎవరూ వేయించుకోలేదు. ‘తుంగ ఏంటండీ బాబూ, మేం కూలీల్ని పెట్టి పీకించి పారేస్తాం’ అనేవారు. లోపల తిట్టుకుంటూ పామ్ చెట్లే వేసిపెట్టేవాణ్ణి. వాళ్ళని అంటున్నాను గానీ నేనేమైనా తక్కువ తిన్నానా?

ఇంక అసలు సంగతికి వస్తాను.

కైకలూరులో ఒకాయన పెద్ద ఇల్లు కట్టాడు. పేరెందుకులెండి, చెరువులాయన అందాం. చేపల చెరువులు, రొయ్యల చెరువులు కలిపి ఎన్ని ఉన్నాయో ఆయనకే సరిగ్గా తెలియదు. ఇంటి స్థలం పల్లమని, పాత రొయ్యల చెరువుల్లో పూడిక తీసిన మట్టి లారీలతో తోలించి మెరక చేయించాడు. ఆ మెరక మీద తోట వేయాల్సింది నేను. నాకది మొదటి పెద్ద తోట. అది బాగా కుదిరితే చుట్టుపక్కల చెరువులవాళ్ళంతా నా దగ్గరికే వస్తారని నాకు తెలుసు.

ఆ ఇంట్లో సుభాని గారని ఒక ముసలి తోటమాలి ఉండేవాడు. ‘గారు’ అని ఇప్పుడంటున్నాను. నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని అప్పుడు ‘ఏమయ్యా సాయిబూ’ అనేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను ‘మీరు’ అనే అనేవాడు.

నేను టేపు పట్టుకుని కొలతలు తీస్తుంటే ఆయన చెప్పులు విడిచి వచ్చాడు. గునపంతో కాస్త గొయ్యి చేసి, చిటికెడు మట్టి తీసి నాలుక కొసకి అద్దుకున్నాడు. కాసేపు ఆగి, పక్కకి ఉమ్మేసి, ‘ఉప్పుందండి బాబూ. ఒక్క వానాకాలం వదిలేయండి. చుట్టూ గట్లు వేసి వాన నీళ్ళు నిలబెడితే కిందికి దిగిపోద్ది. అప్పుడు ఏది వేసినా బతుకుద్దండి’ అన్నాడు.

‘మట్టి తిన్నావు కదా, మరి ఈ పూటకి అన్నం మానేస్తావా?’ అన్నాను. పక్కనున్న మేస్త్రీలు నవ్వారు. నేనూ నవ్వాను. నా జోకులకి నేనే నవ్వుకునే రోజులవి.

గృహప్రవేశం మాఘమాసంలో. వానాకాలం దాకా ఆగుదామంటే చెరువులాయన ఒప్పుకోడనుకున్నాను. అసలు నేను అడగనేలేదు. నాకే ఆగాలని లేదు. జంగారెడ్డిగూడెం వైపు నుంచి ఎర్రమట్టి తెప్పించి ఆరంగుళాల మందాన పైన పరిపించాను. మట్టి పరీక్షకి పంపించాను కూడా. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. ఎందుకు రాదు? పైన పోసిన ఎర్రమట్టే పొట్లం కట్టి పంపించానాయె. మొక్క వేరు ఆరంగుళాల దగ్గర ఆగిపోయి, కిందికి రావచ్చా అని నన్ను అడుగుతుందా? అంత చదువు చదివిన బుర్రకి ఆ ముక్క తట్టలేదు.

ఆ కాగితం పట్టుకెళ్ళి సుభాని గారికి చూపించాను. చదవడం వచ్చా అని అడిగాను. రాదండి అన్నాడు. అయితే నీకు తెలియదులే అన్నాను.

గృహప్రవేశం నాడు తోట పచ్చగా కళకళలాడింది. వచ్చినవాళ్ళంతా కొంగ పక్కన నిలబడి ఫొటోలు దిగారు. స్ప్రింక్లర్లు పెట్టాం కదా, ఇంక ఈ ముసలాయన ఎందుకండీ అని మాన్పించింది కూడా నేనే. ఆయన తన బొరిగె కడుక్కుని, గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు వీధుల అవతల వేరే ఇంట్లో పనికి కుదిరాడని తర్వాత విన్నాను.

ఎండలు ముదిరాయి. వడగాడ్పులు మొదలయ్యేసరికి లాను అంచుల నుంచి మాడడం మొదలుపెట్టింది. పామ్ చెట్ల ఆకులు కొసలు కాలినట్టయ్యాయి. మట్టి మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా పూసింది. చెరువులాయన ఫోను చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

వెళ్ళాను. వరండాలో ఆయనా, ఆయన బంధువులు నలుగురైదుగురూ కూర్చుని ఉన్నారు. వాళ్ళందరి ముందు ఏమిటిదని అడిగాడు. కింది మట్టిలో ఉప్పుంది, నేను చూసుకోలేదు అంటే అయిపోయేది. దానికి బదులు నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. ‘ఆ ముసలాయన్ని పనిలోంచి తీసేశాం కదండీ, మనసులో పెట్టుకుని ఏమైనా ఉప్పు గానీ పోశాడేమో’ అన్నాను. అంతే. ఒక్క మాట.

చెరువులాయన అప్పటికప్పుడు మనిషిని పంపి సుభాని గారిని పిలిపించాడు. మెట్ల కింద ఎండలో నిలబెట్టి అడిగాడు. ముసలాయన వంగి, చిటికెడు మట్టి తీసుకుని నాలుకకి అద్దుకున్నాడు. ‘నేను పోయలేదండి. ఇది కిందదేనండి’ అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ‘ఏవండీ, మీరు చదువుకున్నవారు. మీరే చెప్పండి’ అన్నాడు.

నేను సెల్‌ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఆ ఫోనులో చూడ్డానికి ఏముండేది, నా మొహం! చెరువులాయన మళ్ళీ ఈ వీధిలో కనబడకు అన్నాడు. ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని, అవి వేసుకోవడం మర్చిపోయి, గేటు దాటి నడుచుకుంటూ పోయాడు.

ఆ మధ్యాహ్నం రెండింటికి కైకలూరులోనే హోటల్లో భోజనానికి కూర్చున్నాను. పప్పు కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం. చారూ అంతే. సర్వరుని పిలిచి నానా మాటలూ అన్నాను. అతను పక్క టేబుల్ వాళ్ళని అడిగాడు. అన్నీ బాగానే ఉన్నాయండీ అన్నారు వాళ్ళు. చివరికి అరటిపండు ఒలుచుకున్నాను. అదీ ఉప్పే. అరటిపండు ఉప్పగా ఉందని ఎవరితో చెప్పుకోను?

రెండు రోజులకి తగ్గింది. డాక్టరు నాలుక చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు, ఏమీ లేదన్నాడు. వేడి చేసి ఉంటుందనుకుని వదిలేశాను.

నెల తిరక్కుండా గుండుగొలను దగ్గర ఒక ఇంటి స్థలం చూడ్డానికి వెళ్ళాను. స్కూటరు దిగి స్థలంలో కాలు పెట్టగానే నోరంతా ఉప్పు ఊరింది. ఏమీ తినలేదు, తాగలేదు. నాలుగడుగులు పక్కకి వేస్తే పోయింది. వెనక్కి వస్తే మళ్ళీ ఊరింది. పిచ్చివాడిలా అటూ ఇటూ తిరుగుతుంటే ఇంటావిడ ఏదైనా పోగొట్టుకున్నారాండీ అని అడిగింది.

ఇలాంటివి ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేవాణ్ణి గనక, నా మాట నేనే నమ్మలేదు. రెండు చోట్లా మట్టి తీసి, రెండు పొట్లాలు కట్టి, మీద ఒకటి, రెండు అని అంకెలు మాత్రం వేసి పరీక్షకి పంపాను. నోరు ఉప్పగా అయిన చోటి మట్టి చవుడు అని వచ్చింది. రెండోది మంచి మట్టి. తాడేపల్లిగూడెంలో ఇంకో ఇంటి దగ్గర అలాగే చేశాను. తర్వాత ఆకివీడు దగ్గర. ఒక్కసారీ తేడా రాలేదు.

అడుగు పెట్టగానే మట్టి గుణం చెప్పేస్తాడని నాకు పేరొచ్చింది. ఆహా ఓహో అన్నారు. ఒకాయన అయితే దండం కూడా పెట్టాడు. ముసలాయన నాలుకతో చెబితే పనిలోంచి తీయించాను, నేను బూట్లు వేసుకుని చెబితే శాలువా కప్పుతారట. ఆ మొహాలు చూస్తే నవ్వొచ్చేది. నా మొహం అద్దంలో చూసుకుంటే మాత్రం నవ్వొచ్చేది కాదు.

వానలు పడుతున్న రోజుల్లో, కడియం నుంచి మొక్కలు తెచ్చే లారీ డ్రైవరు మాటల మధ్యలో సుభాని గారు పోయారండీ అన్నాడు. ఉప్పు పోశాడన్న మాట ఊరంతా పాకిందట. కొత్తగా కుదిరిన ఇంటివాళ్ళు కూడా రావద్దన్నారట. తర్వాత ఇంకే గేటూ తెరుచుకోలేదట. చిన్న జ్వరమే వచ్చింది, తిండి సయించక చిక్కిపోయి చనిపోయారు అన్నాడు.

వాళ్ళ ఇల్లు కనుక్కుని వెళ్ళాను. ఆయన భార్య నన్నెప్పుడూ చూడలేదు. తోటపని వల్ల పరిచయం అని చెప్పాను. కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. అడగకుండానే తనే చెప్పడం మొదలుపెట్టింది.

‘ఆ చెరువులాయన పిలిపించిన రోజు శుక్రవారం బాబూ. అక్కణ్ణుంచి అటే నమాజుకెళ్ళి, రెండింటికి వచ్చి అన్నానికి కూర్చున్నారు. ఒక ముద్ద తిని, ఉప్పు వేయడం మర్చిపోయావా అన్నారు. వేశానండీ అన్నాను. ఇంకాస్త వేయించుకున్నారు, ఇంకాస్త వేయించుకున్నారు. తెలియట్లేదు అన్నారు. మట్టి నాలుక మీద పెట్టి ఊరందరి తోటలూ చెప్పిన మనిషి బాబూ. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన నాలుకకి ఉప్పు తెలియలేదు.’

నా చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉంది. ఆ శుక్రవారం నాకు గుర్తుంది. నా పని డైరీలో కైకలూరు అని రాసి ఉంది. హోటల్లో చేయి కడుక్కుని కూర్చునేటప్పుడు గోడ గడియారం చూశాను, రెండు.

‘చదువుకున్నాయన ఎవరో అలా చెప్పాడంట’ అంది ఆవిడ. ‘ఎవరండీ అని ఎన్నిసార్లు అడిగానో. పేరు చెప్పలేదు. పోనీలే, కుర్రాడు, భయపడ్డాడు అన్నారు.’

నీళ్ళు తాగాను. ఉప్పగా ఉన్నాయి. చుక్క మిగల్చకుండా తాగేశాను. గ్లాసు కింద పెట్టి, ‘ఆ చెప్పింది నేనేనమ్మా’ అన్నాను.

ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గంటసేపు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు.

అటునుంచి అటే చెరువులాయన ఇంటికి వెళ్ళి, తప్పంతా నాదని, సుభాని గారు ముందే చెప్పాడని, నలుగురిలోనే చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. ‘ఆ గడ్డి పీకించేసి టైల్స్ వేయించేశాంగా, ఇప్పుడెందుకండీ అవన్నీ?’ అన్నాడు. నిజమే, మొత్తం టైల్సే. మధ్యలో కొంగ మాత్రం ఉంది.

నిజం చెప్పేస్తే ఇది పోతుందని లోపల ఎక్కడో ఆశ ఉండేది. పోలేదు. ఇన్నేళ్ళయినా చవుడు నేల మీద కాలు పెడితే నోరు ఉప్పగా అవుతుంది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగినవాళ్ళకి, కైకలూరు సుభాని గారి దగ్గర అని చెబుతాను. ఏ కాలేజీలో చేస్తారండీ ఆయన, అంటారు.

తప్పు చేసిన మనసు ఆడించే ఆట అన్నాడు తెలిసిన డాక్టరొకాయన. నేనూ అదే అనుకుందామని చూశాను. మరి రిపోర్టు రాకముందే ఏ పొట్లాంలో ఉప్పుందో నా మనసుకి ఎలా తెలిసిందని అడిగితే ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ నేను ఒప్పుకోను. ఇదేమిటో చెప్పమంటే చెప్పలేను. ఆ ముసలాయన ఆఖరి రెండు నెలలూ చప్పిడి అన్నం తిన్నాడని మాత్రం నాకు తెలుసు.