మా అమ్మ కడిగిన మిరపకాయలు

ఏండ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకొని తిరుగుతాండా. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే ధైర్యం వచ్చింది.

డిగ్రీ అయినాక ఒక పురుగుమందుల కంపెనీలో చేరినా. కొత్త మందుకు సర్కారు అనుమతి ఇచ్చే ముందు, కొట్టిన ఎన్ని దినాలకు కాయలో మందు తగ్గుతాదో చూస్తారు. దాన్ని బట్టే సీసా మీద రాస్తారు, ఇన్ని దినాలు ఆగి కోయండి అని. ఆత్మకూరు పక్కన మా మిరప చేన్లోనే ఒక మడి ఆ పరీక్షకిచ్చినాం. కొట్టిన మూడో దినం కాయలు కోసి, ఐసు పెట్టెలో ల్యాబుకు పంపాల. కడగకూడదు, తుడవకూడదు. కంపెనీ సారు నాకు నూరుసార్లు చెప్పినాడు. నేను మా అమ్మకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

కాయలు ఇంట్లో పెట్టి ఐసుకు పోయినా. వచ్చి చూస్తే అమ్మ వాటిని చింతపండు నీళ్లలో వేసి రుద్దుతాండాది.

"ఏం చేస్తాండావు మా?"

"పట్నం సార్లకు పోయే కాయలంటివి కదరా. ఇట్లా తెల్ల మచ్చలతో పంపితే మన మర్యాద ఏం గావాల?"

"వాళ్లకు కావాల్సింది ఆ మందు మచ్చలే మా."

"మచ్చలే కావాలంటే చెట్టు కింద రాలిన పుచ్చిన కాయలుండాయి, అవి పంపు."

మళ్లీ కోద్దామంటే కంపెనీ బండి వాకిట్లో నిలబడి హారన్ కొడతాండాది. సారుకు ఫోన్ చేసుండొచ్చు. సిగ్నల్ బాగానే ఉండె. ఎందుకు చేయలేదు? ఉద్యోగం పోతాదని భయమా, మా అమ్మ కడిగిందని చెప్పుకునే దానికి నామోషీనా? రెండూ అనుకుంటా. 'శాంపిల్ కడిగినారా' అనే గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టినా. కాయలు కడిగింది మా అమ్మే గానీ, ఆ సంతకం మాత్రం నాది.

కాయల్లో మందు ఉందా లేదా అన్నట్లు వచ్చింది ఫలితం. సారు వీపు తట్టినాడు. మందుకు అనుమతి వచ్చింది. సీసా మీద 'మూడు దినాలు' అని పడింది. శానా చోట్ల శాంపిళ్లు తీసినారు, నాదొక్కటే కాదు అని నాకు నేనే సర్ది చెప్పుకుంటా. మళ్లీ అనిపిస్తాది, ఆ ఊర్లల్లో మాత్రం అమ్మలు లేరా అని.

మా ఊర్లో సీసా మీది రాత చదివేటోడు ఒక్కడే, మద్దిలేటి మామ. మిగతావాళ్లు పొద్దున కొట్టి సాయంత్రం కోస్తారు. ఆయన మాత్రం అద్దాలు పెట్టుకొని చదివి, వేళ్ల మీద లెక్కబెట్టి మూడు దినాలు ఆగుతాడు. మొన్న చేన్లో మందు కొట్టి వస్తా నన్ను ఆపి అడిగినాడు, "ఆ పరీక్షలో నువ్వే ఉంటివి కదప్పా, మూడు దినాలు చాలునా? మనవరాలు పచ్చికాయే కొరుకుతాది" అని.

"సీసా మీద రాసినారు కదా మామా," అన్నా.

మీకు చెప్పినాక ఈ పూట అన్నం లోపలికి పోయింది. రేపు మామ కాయలు కోసే మూడో దినం.